ఎయిర్ షో కంచె బయట ఉన్నవాళ్ల సంగతి ఎవరు చూడాలి?

అడూర్‌గట్టు:
2025 నవంబర్ 21న దుబాయ్ ఎయిర్ షోలో మన తేజస్ కూలిపోయి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయినప్పుడు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో అందరూ ఒకటే అడిగారు, ఇంత ప్రమాదమైన పనికి పర్మిషన్ ఎవరిస్తారు, పైలట్‌ని ఎవరు పరీక్షిస్తారు అని. నాకు తెలిసింది బ్రిటన్ పద్ధతి. అదైనా ఎందుకు తెలుసంటే నేనుండేది సస్సెక్స్‌లో, షోర్‌హామ్‌కి దగ్గర్లో.

2015 ఆగస్టు 22, శనివారం. షోర్‌హామ్ ఎయిర్ షోలో హాకర్ హంటర్ అనే 1950ల నాటి జెట్ విమానం లూప్ కొట్టి (నిలువుగా గుండ్రంగా తిరిగి) కిందికి దిగుతూ పైకి తేలలేక, ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న ఏ27 హైవే మీద పడింది. 11 మంది చనిపోయారు. వాళ్లలో ఒక్కరు కూడా షో గ్రౌండ్ లోపల లేరు. సిగ్నల్ దగ్గర ఆగిన కార్లలో ఉన్నవాళ్లు, ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు, పెళ్లికూతుర్ని తీసుకురావడానికి బయల్దేరిన డ్రైవరు, రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న కొందరు. పైలట్ బతికాడు.

అడూర్ నది ఒడ్డున, పాత చెక్క వంతెన దగ్గర వాళ్ల గుర్తుగా 11 ఆర్చీలు పెట్టారు. నేను సాయంత్రం నడకకి అటే వెళ్తాను. ఒక్కో ఆర్చీ ఒక్కో మనిషిది, ఏ రెండూ ఒకలా ఉండవు. అక్కడ నిలబడితే హైవే మీద బళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, అది నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

అందుకే అడుగుతున్నా. టికెట్ కొని కూర్చున్నవాళ్లను కాపాడటానికి డెబ్బై ఏళ్లుగా రూల్స్ రాస్తున్నారు. టికెట్ కొననివాళ్ల గురించి ఎవరు రాస్తున్నారు? మన దగ్గర ఎలా ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

బోయినపల్లి_కుర్రాడు:
అన్నా, ఇది చదివాక చెయ్యి ఆగలేదు. మాది న్యూ బోయినపల్లి. 2010 మార్చి 3న బేగంపేటలో ఇండియా ఏవియేషన్ షో మొదలైన రోజు నేవీ వాళ్ల సాగర్ పవన్ విన్యాసాల టీమ్ విమానం ఒకటి మా ఏరియాలో ఇంటి మీద పడింది. కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ఇద్దరూ చనిపోయారు. కింద ఉన్న కొందరికి గాయాలయ్యాయి.

నేను అప్పుడు ఇంటర్. పరీక్షలకి చదువుకుంటున్నానని పేరుకి పుస్తకం పట్టుకుని డాబా మీద ఉన్నాను, అసలు చూపంతా పైనే. విమానాలు కలిసి కిందికి వచ్చాయి, మిగతావి లేచాయి, ఒకటి లేవలేదు. అంతే, ఒక్క క్షణం. తర్వాత నల్లటి పొగ, వీధిలో కరెంటు పోయింది, మా అమ్మ కింది నుంచి నా పేరు పెట్టి అరుస్తోంది. ఆరేసిన బట్టల మీద మసి పడింది. ఆ దుప్పటి ఎన్నిసార్లు ఉతికినా మచ్చ పోలేదు.

ఆ రోజు మా కాలనీకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏ టైంలో ఎగురుతాయి, ఎటు తిరుగుతాయి, ఏదీ తెలియదు. పైలట్ల మీద నాకు ఒక్క మాట కూడా లేదు, వాళ్లు ప్రాణాలే ఇచ్చారు. కానీ చుట్టూ ఇళ్లున్న చోట ఆకాశంలో గీత ఎక్కడ గీయాలో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించే ఉంటారు కదా, ఆ గీత మా ఇళ్ల మీదుగా వెళ్తుందని వాళ్లకి తెలియదా అన్నది ఇన్నేళ్లయినా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

యలహంక_రఘు:
తమ్ముడూ, నువ్వు చూసింది చిన్న విషయం కాదు. కానీ నేను ఇంకోవైపు నుంచి కూడా చెప్తాను, అందరూ భయంతోనే మాట్లాడితే షోలే ఉండవు. బెంగళూరు ఎయిర్ షో ఏరో ఇండియాకి 1996 నుంచి ప్రతిసారీ యలహంక వెళ్తున్నాను. 2019 ఫిబ్రవరి 19న, షో మొదలవడానికి ఒక్కరోజు ముందు రిహార్సల్‌లో ఎయిర్‌ఫోర్స్ సూర్యకిరణ్ టీమ్ హాక్ విమానాలు రెండు ఢీకొన్నాయి, వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ చనిపోయారు, మరో ఇద్దరు ఎజెక్ట్ అయ్యారు, అంటే సీటుతో సహా బయటపడ్డారు. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. అయినా షో ఆపేయాలని నాకు అనిపించలేదు. ఎయిర్‌ఫోర్స్‌లో చేరిన కుర్రాళ్లలో ఎంతమంది చిన్నప్పుడు ఇలాంటి షో చూసి చేరారో అడగండి.

షోర్‌హామ్ తర్వాత బ్రిటన్‌లో ఫీజులు పెంచారు, రూల్స్ బిగించారు, చిన్న చిన్న ఊళ్లలో వాలంటీర్లు నడిపే షోలకి అది మోయలేని భారమైంది. ఆ షోలు చేసిన తప్పేంటి? పైలట్‌కి 14 వేల గంటల అనుభవం ఉందని నేను చదివాను. అంత అనుభవం ఉన్నవాడికే తప్పు జరిగితే కాగితాలు ఇంకో పది పెంచితే ఏం ఆగుతుంది?

అడూర్‌గట్టు:
రఘు గారూ, ఆ 14 వేల గంటల లెక్క దగ్గరే అసలు సంగతి ఉంది. అందులో ఎక్కువ భాగం పెద్ద ప్రయాణికుల విమానాలు నడిపిన గంటలు. హంటర్ మీద ఆయన గంటలు సుమారు 40.

బ్రిటన్‌లో షోలో ఎగరాలంటే మామూలు లైసెన్స్ సరిపోదు, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ సీఏఏ ఇచ్చే డిస్‌ప్లే ఆథరైజేషన్ ఉండాలి. అందరూ డీఏ అంటారు. ఏ రకం విన్యాసం చేయొచ్చు, ఎంత ఎత్తు వరకు దిగొచ్చు అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ పైలట్‌కి విన్యాసాలకి 500 అడుగులు, తిన్నగా ఎగురుతూ వెళ్లడానికి 100 అడుగులు. ఇది పరీక్షించేది డిస్‌ప్లే ఎవాల్యుయేటర్, అంటే ఇదే పని చేసే ఇంకో పైలట్. ఈ ప్రపంచం చాలా చిన్నది, అందరూ అందరికీ తెలిసినవాళ్లే. ఇంకోటి, అప్పట్లో విమానాలను గ్రూపులుగా కట్టేవాళ్లు. ఒక రకం జెట్ మీద పాసైతే అదే గ్రూపులో ఇంకో జెట్ మీద కూడా చేయొచ్చు.

మన దగ్గర ఆర్టీసీ డ్రైవర్‌కి హెవీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన తిరుమల ఘాట్ ఎక్కించేస్తారా? ఘాట్ కోసం విడిగా ట్రైనింగ్ ఇస్తారు కదా. ఆ ఆలోచన అక్కడ లోపించింది.

ఆ రోజు జరిగింది ఇదీ. లూప్ మొదలుపెట్టేటప్పుడు హంటర్‌కి కనీసం 350 నాట్ల (నాట్ అంటే విమాన వేగాన్ని కొలిచే లెక్క) వేగం కావాలి, ఆయన సుమారు 310 దగ్గర మొదలుపెట్టారు. ఇంజన్ కూడా పూర్తి శక్తితో లేదు. ఉయ్యాల కింద సరిగ్గా తొయ్యకపోతే పైదాకా వెళ్లదు, ఇదీ అంతే. పైకి వెళ్లాక కనీసం 3,500 అడుగులు ఉండాల్సింది, 2,700 మాత్రమే ఉంది. అక్కడ ఎత్తు చూసుకుని, చాలకపోతే విమానాన్ని దొర్లించి బయటపడిపోవాలి. టెస్ట్ ఫ్లయిట్లు చేసి చూస్తే, పైన నుంచి దిగడం మొదలైన నాలుగు సెకన్ల లోపల గుర్తించినా తప్పించుకోవచ్చని తేలింది. కానీ ఆ తప్పించుకునే పద్ధతిని హంటర్ మీద ఆయనకు ఎవరూ నేర్పలేదు, అది వచ్చో లేదో ఎవరూ పరీక్షించలేదు. డీఏ మాత్రం చేతిలో ఉంది.

ఈ వివరాలన్నీ ప్రమాదాలను విచారించే ఏఏఐబీ 2017 మార్చిలో ఇచ్చిన రిపోర్టులోవి. ఇందులో పది కాగితాలు పెంచే సంగతి నాకు కనపడలేదు. సరైన ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే చాలు అనిపించింది.

యలహంక_రఘు:
ఇది నాకు తెలియదు, 40 గంటలు అంటే నేను కూడా ఆగిపోతాను. గ్రూపు సంగతి మార్చారా మరి?

అడూర్‌గట్టు:
గ్రూపుల పద్ధతిని మళ్లీ చూడాలని, తప్పించుకునే విన్యాసాలు నేర్పి పరీక్షించాలని, పరీక్షించేవాడికీ పైలట్‌కీ మధ్య సంబంధాలు ఉండకూడదని ఏఏఐబీ రాసింది. మొత్తం 32 సిఫార్సులు. పాత జెట్లు సముద్రం మీద కాకుండా భూభాగం మీదుగా విన్యాసాలు చేయకూడదని, తిన్నగా ఎగురుతూ వెళ్లడమే అని అప్పుడే కట్టడి చేశారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకోటి. షోలో ఫ్లయింగ్ డిస్‌ప్లే డైరెక్టర్ అని ఒకరు ఉంటారు, ఆకాశంలో జరిగే ప్రతిదానికీ ఆయనే బాధ్యుడు. ఆ రోజు హంటర్ ఏమేం చేయబోతోందో ఆయన దగ్గర వివరంగా లేదు. రూలు అడగలేదు కాబట్టి పైలట్ ఇవ్వలేదు. ఏం చేస్తారో తెలియకుండా అది ఏ రోడ్డు మీదుగా వెళ్తుందో ఎలా లెక్కేస్తారు? ఇప్పుడు ముందే రాసి ఇవ్వాలి.

రిటైర్డ్_సార్జెంట్:
అందరికీ నమస్కారం. ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నికల్ ట్రేడ్‌లో ఇరవై ఏళ్లు చేసి వచ్చాను, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పైలట్‌ని కాదు, అందుకని నేను కళ్లారా చూసిందే చెప్తాను.

మిలటరీలో ఏ విమానమూ ఎవరి ఇష్టాన వాళ్లు తీసి ఎగరరు. ప్రతి సార్టీకి, అంటే ఎగిరే ప్రతిసారీ, ఆథరైజేషన్ బుక్‌లో సంతకం ఉండాలి. ఏం చేయబోతున్నారు, ఎంత ఎత్తులో, ఎవరు ఒప్పుకున్నారు అన్నీ అందులో ఉంటాయి. డిస్‌ప్లే టీమ్ అయితే ముందు చాలా ఎత్తులో నెలల తరబడి చేసి, అది కుదిరాకే మెల్లగా కిందికి దింపుతారు. పొద్దున్న బ్రీఫింగ్‌లో పైలట్లు కుర్చీల్లో కూర్చుని కళ్లు మూసుకుని, చేతిలో స్టిక్ ఉన్నట్టే చెయ్యి కదుపుతూ, లీడర్ గొంతు పలికే ప్రతి మాటకీ ఆ రోజు ఎగరబోయేదంతా మనసులో ఒకసారి ఎగురుతారు. బయట టార్మాక్ మీద మేం ట్రాలీలు లాగుతుంటే కిటికీలోంచి కనపడేది. మొదటిసారి చూసినప్పుడు ఏదో ప్రార్థన అనుకున్నాను.

మేం కూడా అంతే. ఒక్క రెంచ్ లెక్క తగ్గినా అది దొరికేదాకా విమానం కదలదు.

అయితే ఈ క్రమశిక్షణ అంతా గేటు లోపలిది. బయట రోడ్డు, కాలనీ, చెరువు గట్టు అవి మా చేతిలో ఉండవు, పోలీసులు, కార్పొరేషన్, నిర్వాహకులు చూసుకోవాలి. రెండు వైపులా కలిసి ఒక మ్యాప్ ముందు పెట్టుకుని కూర్చోవాలి. బోయినపల్లి బాబు అడిగింది న్యాయమైన ప్రశ్న.

డల్లాస్_వంశీ:
అమెరికా సంగతి నేను చెప్తాను. ఇక్కడ విన్యాసాల పైలట్‌కి ఒక కార్డు ఉంటుంది, దాన్ని శాక్ కార్డు అంటారు. ఎయిర్ షో వాళ్ల సంఘం ఐకాస్ తరఫున పరీక్షకులు చూసి సిఫార్సు చేస్తే ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ దాని మీద కార్డు ఇస్తుంది. నాకు నచ్చింది అందులో మెట్లు ఉండటం. 800 అడుగులు, 500, 250, ఆ తర్వాత నేల దాకా. కొత్తవాడు ఒకేసారి నేల దగ్గర విన్యాసం చేస్తానంటే కుదరదు, ఒక్కో మెట్టు దిగుతూ రావాలి. జనానికి దూరం కూడా విమానం వేగాన్ని బట్టి, వేగమైన జెట్లకు 1,500 అడుగులు, చిన్నవాటికి 500. పైగా ఏదైనా తేడా వస్తే విమానం జనం వైపే దూసుకొచ్చేలా విన్యాసం చేయకూడదు. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో జరిగింది అదే, ఇటలీ టీమ్ విమానం జనం వైపు ఎగురుతూ ఢీకొని నేరుగా వాళ్ల మీదకే వచ్చింది, మొత్తం 70 మంది పోయారు.

కానీ కార్డు ఉంటే చాలదని మా ఊళ్లోనే చూశాం. 2022 నవంబర్ 12న డల్లాస్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-17ని పీ-63 ఢీకొట్టింది, ఆరుగురు పోయారు. మా అబ్బాయి సాకర్ ప్రాక్టీస్‌లో ఉండగా తోటి తండ్రి ఫోన్‌లో వీడియో చూపించాడు, నేను రెండోసారి చూడలేకపోయాను. ప్రమాదాలను విచారించే ఎన్‌టీఎస్‌బీ ఏం చెప్పిందంటే, ఏ విమానం ఏ ఎత్తులో ఉండాలి, ఒకదాన్ని ఒకటి ఎలా తప్పించుకోవాలి అన్నది ముందు బ్రీఫింగ్‌లో సరిగ్గా అనుకోలేదు, ఎయిర్ బాస్, అంటే షోని కింద నుంచి నడిపించే వ్యక్తి, అప్పటికప్పుడు రేడియోలో చెప్పడం మీదే అంతా నడిచింది. ఒక్కొక్క పైలట్ అర్హుడే, కలిపి ఎగరేసే ప్లాన్‌కి అర్హత ఎవరూ చూడలేదు.

సత్యవతి_వైజాగ్:
మా వైజాగ్‌లో నేవీ ఆపరేషనల్ డెమో అంటే పండగే. ఆర్కే బీచ్‌కి పొద్దుటి నుంచే జనం, పల్లీలు, ముంత మసాలా బళ్లు, పిల్లలు భుజాల మీద. నాకూ చాలా ఇష్టం, ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 2025 జనవరి 2న రిహార్సల్‌లో పారాచూట్లతో దిగుతున్న ఇద్దరివి ఒకదానికొకటి చుట్టుకుని సముద్రంలో పడ్డారు, పడవ వెళ్లి బయటికి తీసింది. నీళ్లు కాబట్టి సరిపోయింది. అదే కొంచెం ఇటు, రోడ్డు మీద అయితే? మా పక్కన నిలబడ్డ పెద్దావిడ అప్పటిదాకా పట్టుకున్న నా చెయ్యి నొప్పి పుట్టేలా నొక్కేసింది.

అడూర్‌గట్టు గారూ, మీరన్న కంచె బయటి మనుషులు మా దగ్గర కంచె లోపలివాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అపార్ట్‌మెంట్ల టెర్రస్‌లు, కైలాసగిరి మీద, జాలరిపేట ఒడ్డున పడవల మీద. వీళ్లని లెక్కలో ఉన్న జనంగా ఎవరైనా చూస్తారా?

ఇంకో మాట. ప్రమాదం అంటే విమానం పడటం ఒక్కటే కాదు. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనాలో ఎయిర్‌ఫోర్స్ షో అయ్యాక ఎండకి, తొక్కిసలాట లాంటి రద్దీకి ఐదుగురు చనిపోయారు. పైన అంతా పద్ధతిగానే జరిగింది. కింద నీళ్లు లేవు.

అడూర్‌గట్టు:
సత్యవతి గారూ, మీరు చెప్పిన టెర్రస్ జనానికి ఇక్కడ ఒక పేరు పెట్టారు, సెకండరీ క్రౌడ్ అంటారు, అంటే బయట పోగయ్యే జనం. షోర్‌హామ్ సిగ్నల్ దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు అదే. వాళ్లకీ విమానానికీ కూడా ఇంత దూరం అని లెక్క పెట్టాలన్నది ఆ సిఫార్సుల్లో ఒకటి.

వెనక్కి వెళ్తే 1952 సెప్టెంబర్ 6న ఫార్న్‌బరోలో డీహెచ్ 110 గాల్లోనే విడిపోయి, ఇంజన్ ఒకటి జనం మధ్యకి వచ్చి పడింది. చూడటానికి వచ్చిన 29 మంది, విమానంలో ఇద్దరు చనిపోయారు. జనం మీదుగా ఎగరకూడదు, ఇంత దూరంలో ఉండాలి అనే రూల్స్ అప్పటి నుంచి గట్టిపడ్డాయి. పనిచేశాయి కూడా. 63 ఏళ్లు బ్రిటన్ షోల్లో జనంలో ఒక్కరి ప్రాణం పోలేదు. అంత మంచి రికార్డు ఉండబట్టేనేమో గీత అవతల ఏముందో చూడాలన్న ధ్యాస తగ్గింది. గ్రౌండ్‌కి దూరంగా జరపాలి అంటే విమానం ఎక్కడికో అక్కడికి జరుగుతుంది, అది హైవే అయితే?

గుంటూరు_వకీలు:
చట్టం వైపు కొంచెం. 2019 మార్చి 8న షోర్‌హామ్ పైలట్‌ని కోర్టు 11 అభియోగాల్లోనూ నిర్దోషి అంది. 2022 డిసెంబర్‌లో కరోనర్ (మరణాలకి కారణం తేల్చే అధికారి) విచారణ మాత్రం ఆ మరణాలు చట్టవిరుద్ధంగా జరిగినవే అంది. చాలామంది ఇదెలా అని అడుగుతారు. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి, కరోనర్ దగ్గర జరగడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు, 2020లో అక్కడి సుప్రీంకోర్టు అలా తేల్చింది. రెండూ వేర్వేరు తూకాలు. ఆ కుటుంబాలు ఏడేళ్లు ఎదురుచూశాయి, అది నన్ను చాలా బాధపెట్టింది.

2002లో ఉక్రెయిన్ లివివ్‌లో సుఖోయ్-27 జనం మీద పడి 77 మంది చనిపోతే, ఎజెక్ట్ అయి బతికిన పైలట్లకి 14 ఏళ్లు, 8 ఏళ్లు జైలు పడింది. అక్కడ ఆ శిక్ష, బ్రిటన్‌లో నిర్దోషి. పైలట్‌ని శిక్షించడం, శిక్షించకపోవడం చుట్టూనే మాట తిరిగితే, ఆ చోట ఆ ఎత్తులో పర్మిషన్ ఇచ్చినవాళ్ల వైపు చూపు వెళ్లదు. కేసు ముగియగానే ఫైలు మూసేస్తారు.

యలహంక_రఘు:
వకీలు గారూ, ఇది నిజం. ఏరో ఇండియాలో 2019లోనే ఫిబ్రవరి 23న పార్కింగ్‌లో ఎండుగడ్డికి నిప్పంటుకుని సుమారు 300 కార్లు కాలిపోయాయి. నా స్నేహితుడి కారు కూడా, ఇంజన్ దిమ్మ, చక్రాల రిమ్ములు మిగిలాయి. అప్పుడు అందరం పైకి చూస్తున్నాం, కింద గడ్డి కోశారా లేదా అని ఎవరం చూడలేదు.

మొదట రాసినదాంట్లో నేను ఒకటి మార్చుకుంటాను. షోలు ఉండాలి, చిన్న షోలూ ఉండాలి. కానీ పైలట్ ఆ విమానం మీదే పరీక్ష పాసవ్వాలి, ఏం చేస్తారో ముందే కాగితం మీద ఉండాలి, ఆ కాగితంలో చుట్టుపక్కల రోడ్లు కూడా ఉండాలి. దీనికి పెద్ద ఖర్చేం కాదు.

రిటైర్డ్_సార్జెంట్:
ఇంకోటి చేర్చండి రఘు గారూ. ఆపమని చెప్పే హక్కు. రేడియోలో స్టాప్ అనే మాట వినగానే ఎంత పెద్ద పైలట్ అయినా, ఎంత పెద్ద ర్యాంకు అయినా ఆపేయాలి. ఆ మాట అన్నవాడిని తర్వాత ఎవరూ నిలదీయకూడదు.

అడూర్‌గట్టు:
సార్, మీరు ఇది అనడం... అదే షోర్‌హామ్ పైలట్‌కి 2014లో బ్రిటన్‌లోనే సౌత్‌పోర్ట్ షోలో, వేరే విమానంలో ఉండగా, ఆపమని చెప్పారు. ఆగారు. తర్వాత అక్కడికక్కడే మాట్లాడుకుని వదిలేశారు, లోతుగా విచారణ జరగలేదు. ఇప్పుడైతే స్టాప్ అన్న ప్రతిసారీ సీఏఏకి రిపోర్టు వెళ్లాలి. ఆ ఒక్క రూలు ఒక్క ఏడాది ముందు ఉండి ఉంటే అని ఆ ఆర్చీల దగ్గర నిలబడ్డ ప్రతిసారీ అనుకుంటాను.

సత్యవతి_వైజాగ్:
చదువుతుంటే గుండె బరువెక్కింది. బోయినపల్లి తమ్ముడూ, బేగంపేటలో మళ్లీ షోలు అవుతున్నాయి కదా, వింగ్స్ ఇండియా. నువ్వు చూస్తావా?

బోయినపల్లి_కుర్రాడు:
చూస్తాను అక్కా. ఇప్పుడు నాకే ఇద్దరు పిల్లలు. విమానం శబ్దం వింటే చాలు, చిన్నది చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి డాబా మీదకి పరిగెడుతుంది. నేను వెనకాలే పరిగెడతాను. మా ఆవిడకి కారణం తెలుసు, ఏమీ అనదు.

ఇది చదివాక ఒకటి అనుకున్నా. ఈసారి టికెట్ కొని ఇద్దర్నీ గ్రౌండ్ లోపలికే తీసుకెళ్తాను, తాడు కట్టిన గీత వెనకాల కూర్చోబెడతాను. రూల్స్ అన్నీ లెక్కేసింది ఆ గీత కోసమే కదా. మా కాలనీలో మిగతా వాళ్లంతా మాత్రం ఆ రోజు డాబాల మీదే ఉంటారు.